చెక్కమ్మ గొంతు

రేవులో అందరూ ఆమెను చెక్కమ్మ అనే పిలుస్తారు. కట్టె విరిచి పొయ్యిలో పెట్టినట్టు మాట్లాడుతుందని కాదు, అదీ కొంత నిజమే అయినా. దీవి మీదున్న పక్షుల పార్కులో సందర్శకులను తిప్పి చూపించడం ఆమె ఉద్యోగం. "చెక్క దిగకండి" అని రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఎవరూ లెక్కపెట్టలేదు. అనగా అనగా ఆ మాటే ఆమెకు పేరై కూర్చుంది. అసలు పేరు జీతమిచ్చే గుమస్తాకు మాత్రం తెలుసు. అతను కూడా మధ్యమధ్య మరిచిపోతుంటాడు.

ఆ దీవికి రేవు నుంచి పడవలో అరగంట ప్రయాణం. చెట్టూ చేమా లేని చదునునేల. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ రాళ్ళూ గడ్డీ తప్ప చూడటానికి ఏమీ ఉండదు. ఎండలు మొదలయ్యే వేళకు ఎక్కడెక్కడి నుంచో పక్షులు వచ్చి వాలతాయి. వేలకు వేలు. వాటిలో ముప్పాతిక వంతు నల్లటోపీలే. నెత్తిన నల్లటి మచ్చ ఉంటుంది కాబట్టి పార్కువాళ్ళు వాటిని అలా పిలుస్తారు. పిడికెడంత ఒళ్ళు, ఊరంత నోరు. గూడు కట్టుకునే ఓపిక వాటికి లేదు. నేలమీదే చిన్న గుంట చేసుకుని గుడ్లు పెట్టేస్తాయి. ఆ గుడ్లు అచ్చంగా గులకరాళ్ళ రంగులో ఉంటాయి. చూసుకోకుండా కాలు వేస్తే ఒక కాపురం కూలినట్టే. అందుకని నేలకు మూరెడు ఎత్తున చెక్కలు పరిచి బాట వేశారు. వచ్చినవాళ్ళు ఆ చెక్కల మీదే నడవాలి, చెక్కల మీదే ఫొటోలు తీసుకోవాలి, చెక్కల మీదే ఆశ్చర్యపోవాలి. తల మీదికి ఒక కర్ర ఎత్తి పట్టుకోవాలి కూడా. ఈ పిట్టలు మనిషిలో అన్నిటికంటే ఎత్తున ఉన్నదాన్ని చూసి పొడుస్తాయి. కర్ర లేనివాడికి ఆ ఎత్తైనది బుర్రే.

వీటికి మనుషులకన్నా పెద్ద గండం ఇంకొకటుంది. బూడిదరంగు రెక్కల పెద్ద పక్షులు కొన్ని దీవి అంచున రాళ్ళమీద కూర్చుని ఉంటాయి. రెక్కలు వెనక్కి మడుచుకుని, తీర్పు చెప్పడానికి వచ్చినట్టు మెడ నిక్కించి చూస్తుంటాయి. వాటిని పార్కువాళ్ళు పెద్దమనుషులు అంటారు. నల్లటోపీలు బెదిరి ఒక్కసారి గాల్లోకి లేచాయంటే చాలు, పెద్దమనుషులు దిగి దొరికిన గుడ్డు దొరికినట్టు ఎత్తుకుపోతాయి. తీర్పు అంతటితో సరి.

కాబట్టి దీవి మీద అసలు పని పక్షులను చూపించడం కాదు, అవి లేవకుండా చూడటం. అంత గోలలో ఇరవైమందిని అదుపులో పెట్టాలంటే గొంతు చించుకోవాలి. ఒకప్పుడు మైకు ఇచ్చి చూశారు. అది మొదటిసారి గరగరమనగానే దీవి మొత్తం ఆకాశంలోకి లేచింది. ఆ పూట పెద్దమనుషులకు విందు జరిగింది. అప్పటినుంచి దీవి మీద ఏ యంత్రమూ మాట్లాడకూడదని ఆర్డరు వచ్చింది. ఇక మిగిలింది మనిషి గొంతు. అది కూడా అందరిదీ చెల్లదు. నిరుడు చెక్కమ్మకు జ్వరమొచ్చి నాలుగురోజులు రాకపోతే ఆమె బదులు ఒక కుర్ర గైడును పంపారు. ఆ అబ్బాయి నోరు తెరవగానే పక్షులు లేచాయి. అవి ఏళ్ళ తరబడి చెక్కమ్మ గొంతుకు అలవాటు పడి ఉన్నాయి. బాట మధ్యలో ఒక పెద్ద బండ చుట్టూ మలుపుంది. దాని అవతలే గుడ్లు చిక్కగా ఉంటాయి. మలుపు తిరిగేముందు ఆమె "వస్తున్నాం" అని సాగదీసి ఒక కేక పెడుతుంది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు. ఆ కేక వినిపిస్తే నల్లటోపీలు తలలు తిప్పి చూసి, ఈవిడేనా అన్నట్టు మళ్ళీ గుడ్లమీద సర్దుకుంటాయి.

ఆ కేక వేసీ వేసీ ఆమె అలసిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పడవ దిగుతుంటే ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు మోకాళ్ళు గుర్తొస్తాయి. సందర్శకులందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. ఇవి తింటారా అని ఒకడు, వాసన ఇలాగే ఉంటుందా అని ఇంకొకడు. ఒకాయన, చదువుకున్నవాడే, ఇవన్నీ సాయంత్రం ఎక్కడ కడతారండీ అని అడిగాడు. ఆమె అందరికీ జవాబు చెబుతుంది, మర్యాదగానే. ఇంటికెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించి, రేపు వాన పడితే బాగుండును, పడవ నడవకపోతే బాగుండును అనుకుంటుంది.

ఇల్లంటే ఇస్త్రీ కొట్టు పైన మూడో అంతస్తులో రెండు గదులు. అందులో ఆమె, ఆమె తల్లి.

తల్లి బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఆ హాల్లో మగ్గాలు ఆడుతుంటే పక్కవాళ్ళు అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. మేస్త్రీ మీద హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి జోకులు వేసుకునేవాళ్ళు, మేస్త్రీ మధ్యలో నిలబడి ఉండగానే. మిల్లు వదిలాక ఆమె చెవుల్లో మిగిలింది మగ్గాల హోరే. చెవి డాక్టరు ఏదో మిషను పెట్టి చూసి రెండు చెవులూ పోయాయన్నాడు. తల్లి అవుననలేదు, కాదనలేదు. పెదాలు చూసి మాట పట్టుకోవడం వచ్చు కాబట్టి ఇంట్లో ఏ పనీ ఆగలేదు.

చెక్కమ్మ గొంతు పుట్టింది ఆ మిల్లు గేటు దగ్గరే. షిఫ్టు దిగి వచ్చే గుంపులో తల్లిని పిలవడం చిన్నప్పుడు ఆమె పని. మామూలుగా పిలిస్తే ఆవిడకు వినపడదు. పిలిచి పిలిచి గొంతు పదునెక్కింది. పెద్దయ్యాక ఒకసారి రేవులో ఎవరినో పిలుస్తుంటే అప్పటి పార్కు ఆఫీసరు విని, ఈ గొంతు దీవికి పనికొస్తుందన్నాడు. అదే గొంతు కాపురానికి పనికిరాలేదు. "నాతో మాట్లాడుతున్నట్టుండదు, నా వెనకాల పదిమందితో మాట్లాడుతున్నట్టుంటుంది" అని భర్త సణిగేవాడు. సణిగి సణిగి ఒకరోజు వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో మెల్లగా మాట్లాడే ఆవిడతో సుఖంగా ఉన్నాడని వినికిడి. చెక్కమ్మకు అతని మీద కోపం కూడా పాతబడిపోయింది.

ఇంట్లోనూ ఆమెది అదే గొంతు. తగ్గించడం చేతకాదు. తల్లి వంటింట్లో అటు తిరిగి ఉంటే, ఈ గదిలో చెప్పులు విప్పుతూ రోజంతటి విసుగూ పైకే అనేసేది. బస్సు కండక్టరును తిట్టేది, ఆఫీసరును తిట్టేది, మోకాళ్ళను తిట్టేది. ఒక్కోసారి తల్లినీ వదిలేది కాదు. "మిల్లు గేటు దగ్గర నీకోసం అరిచాను, దీవి మీద కూటికోసం అరుస్తున్నాను. నిన్ను చూసుకోవడంతోనే సరిపోయింది, నాకంటూ ఒక బతుకు లేకుండా పోయింది" అని ఒకరోజు అననే అంది. తల్లి అటు తిరిగి కూరగాయలు తరుగుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే నష్టమేముంది, ఊదినవాడికి కాస్త ఊపిరాడుతుంది అనుకుంది చెక్కమ్మ. కింద ఇస్త్రీ అతను మాత్రం పాపం అన్నీ వినేవాడు.

ఈ సీజను సగంలో ఆమె గొంతు బొంగురు పోయింది. ముందు చల్లగాలి అనుకుంది. తర్వాత దుమ్ము అనుకుంది. మాట మధ్యలో తెగిపోతుంటే గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ సన్నటి గొట్టం వేసి చూసి, తెరమీద చూపించింది.

"చేతులకు కాయలు కాస్తాయి చూశారా, అలా మీ గొంతుకి కాశాయి. సీజను ఎన్నాళ్ళుంది?"

"ఆరు వారాలు."

"ఆ ఆరు వారాలూ మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు, గుసగుసలాడితే ఇంకా చెడుతుంది. పెదాలు ఆడించుకోండి, గాలి వదలొద్దు. అలా ఉంటే వాటంతటవే తగ్గొచ్చు. అలా కాక అరుస్తూ పోతే కోసి తీయాలి. కోశాక గొంతు వస్తుందా అంటే, రావచ్చు."

"రాకపోతే?"

"రాకపోవచ్చు," అంది డాక్టరమ్మ. ఆవిడకు బయట ఇంకా చాలామంది ఉన్నారు.

పార్కు ఆఫీసరు చెడ్డవాడేం కాదు. కుర్రాడు, బదిలీ మీద వచ్చి ఏడాదైంది, అతనికీ కంటినిండా నిద్ర లేదు. చెక్కమ్మ చెప్పిందంతా విని తల పట్టుకున్నాడు.

"మీ బదులు ఎవర్ని పంపమంటారమ్మా? నిరుడు చూశాం కదా. పోనీ సందర్శకుల్ని ఆపేద్దామంటే, టికెట్ల మీద వచ్చేదాంతోనే అక్కడ కాపలావాళ్ళను పెడుతున్నాం. వాళ్ళు లేకపోతే రాత్రికి రాత్రి గుడ్లు సంచుల్లో ఎత్తుకెళ్తారు."

"తెలుసు సార్."

"మాట్లాడకుండా నడిపించగలరా? సైగలతో?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె తల ఊపింది. చెప్పాల్సిందంతా పడవలోనే పడవతను చెప్పేలా, దీవి దిగాక చెక్కమ్మ చేతులతోనే నడిపించేలా ఒప్పందమైంది. పడవతనికి ఈ ఏర్పాటు మహా నచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఇన్నేళ్ళుగా ఇంజను దగ్గర ఊరికే కూర్చుని మగ్గిపోయాడు. "చూడండి, చెక్క దిగినవాణ్ణి అక్కడే వదిలేసి వస్తాను. పోయిన ఏడాది ముగ్గుర్ని వదిలాను, ఇంకా అక్కడే గుడ్లు పొదుగుతున్నారు" అని మొదలుపెట్టాడు. జనం నవ్వారు, భయపడ్డారు కూడా. చెక్కమ్మకు ఎన్నడూ దొరకనంత శ్రద్ధగా విన్నారు.

మొదటి మౌనపు రోజు బాగానే మొదలైంది. ఆమె ముందు నడుస్తూ వేలు చూపించింది, అరచెయ్యి అడ్డం పెట్టింది, ఒకరి భుజం పట్టి మధ్యకు లాగింది. ఇదేదో ముందే చేయాల్సింది అనుకుంది. గొంతుకు ఇంత విశ్రాంతి దొరికి ఎన్నేళ్ళయిందో. బండ దగ్గర మలుపు వచ్చింది. కేక వేయకుండానే తిరిగింది, వెనకాల ఇరవైమందీ తిరిగారు.

నల్లటోపీలకు ఆ కేక అలవాటు. అది లేకుండా ఇంతమంది ఎదురుగా ఊడిపడేసరికి గుండె ఆగినంత పనై ఒక్కపెట్టున లేచాయి. మలుపు అవతల నేలంతా ఖాళీ అయింది. ఎండలో గుడ్లు మాత్రం మిగిలాయి. రాళ్ళమీది పెద్దమనుషులు తొందరేం పడలేదు. దిగారు, నడుచుకుంటూ వచ్చారు, తీసుకున్నారు. సందర్శకులు ఫోనులెత్తి, ఎంత బాగుందో, ఎన్ని పిట్టలో అని మురిసిపోతున్నారు. చెక్కమ్మ కర్ర పెట్టి ఒక పెద్దపక్షిని అదిలించింది. అది రెండడుగులు పక్కకు వేసి ఇంకో గుడ్డు తీసుకుంది. ఆమెకు ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. అరవకూడదన్న డాక్టరమ్మ మీదా, అరుపు లేనిదే నమ్మని పిట్టల మీదా, ఇంత పెద్ద దీవికి తన ఒక్క గొంతు తప్ప దిక్కు లేకుండా చేసిన రాత మీదా.

రెండో పడవకు పడవతను తనే మలుపు దాకా వచ్చి, అక్క బదులు నేను అరుస్తానన్నాడు. అరిచాడు. ఈసారి మలుపు అవతలివే కాదు, ఇవతలివి కూడా లేచాయి.

"నా గొంతుకేమైంది అక్కా?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

మూడో పడవకు ఆమె మలుపు దగ్గర ఆగింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మెడ పట్టుకుని "వస్తున్నాం" అని కేక వేసింది. గొంతులో ఏదో చీరుకుపోయినట్టయింది. మలుపు తిరిగి చూస్తే, గుడ్డు పోయినవి పోగా మిగతావన్నీ గుడ్లమీదే ఉన్నాయి. తలలు తిప్పి చూశాయి, సర్దుకున్నాయి.

ఆ సాయంత్రం బస్సులో ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. డాక్టరమ్మ చెప్పినంత మౌనం ఎలాగూ కుదరదు. రోజుకు నాలుగు పడవలకు నాలుగు కేకలు, మలుపు దగ్గర మాత్రం. అవి తప్పవు. మిగతా చోట్లంతా పిసినారి డబ్బు దాచినట్టు దాచాలి. బస్సులో దాచాలి, కొట్లో దాచాలి. ఇంట్లో అయితే మరీ సులువు. అక్కడ ఎలాగూ వినేవాళ్ళు లేరు. తల్లికి పెదాలు ఆడిస్తే చాలు.

ఈ సంగతి తల్లికి చెప్పలేదు. చెబితే ఉద్యోగం మానేయమంటుంది, నావల్లే నీకిలా అయిందంటుంది. మళ్ళీ ఓదార్చడానికి తన దగ్గర ఓపిక లేదు. చెప్పకపోయినా వచ్చిన లోటేమీ కనిపించలేదు. ఇంటికి రాగానే తల్లికి ఎదురుగా నిలబడి పెదాలు కదిపేది. "అన్నం తిన్నావా?" "తిన్నా." "మందులు?" "వేసుకున్నా." అన్నిటికీ సరైన జవాబులే. నిజం చెప్పాలంటే ఆ మౌనం ఆమెకు హాయిగానే ఉంది. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా ఎందుకు అరిచి చచ్చానా అనుకుంది.

తల్లిలో మాత్రం ఏదో మారింది. వంటింట్లో అటు తిరిగి పని చేసుకునే మనిషి, ఇప్పుడు చెక్కమ్మ ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె ముఖం వంకే చూస్తూ కూర్చునేది. ఇటు నడిస్తే ఇటు, అటు నడిస్తే అటు. ఒకసారి చెక్కమ్మ విసుక్కుని, "నా మొహం మీద ఏమైనా రాసుందా?" అని పెదాలతోనే అడిగింది.

"ఏం లేదులే," అంది తల్లి. చూడటం మానలేదు.

ఇంకోరోజు ఇస్త్రీ అతను మెట్ల దగ్గర ఆపాడు. "మీ అమ్మగారు కిందికి రావడం లేదు. ఒంట్లో బాగాలేదా? ఈ మధ్య మీ ఇంట్లోంచి చప్పుడే లేదు, నాకూ తోచడం లేదు" అన్నాడు. అతను హాస్యానికే అన్నాడు గానీ, చెక్కమ్మకు నవ్వే ఓపిక లేదు. బాగానే ఉందని చేత్తో సైగ చేసి మెట్లెక్కింది. వయసు కదా అనుకుంది. తీరిక దొరికాక అడగాలి అనుకుంది. ఆ తీరిక సీజను అయ్యేదాకా దొరకలేదు.

రోజుకు నాలుగు కేకలతో ఆరు వారాలు గడిచాయి. మొదట్లో మలుపు దాకా వినిపించిన కేక పోనుపోను సన్నబడింది. చివరి వారానికి అది కేకలా లేదు. గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని, గాలి వాటాన ముఖం పెట్టి వేసేది. పిట్టలు ఎలా విన్నాయో, విన్నాయి. గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి, నేలమీద పరుగెత్తాయి, రెక్కలు కొట్టుకున్నాయి, ఎగిరాయి. ఒక పొద్దున పడవ వెళ్ళేసరికి దీవి సగం ఖాళీ. ఇంకో పొద్దున రాళ్ళూ గడ్డీ. ఆఫీసరు స్వీట్లు పంచి, ఈసారి పిల్లలు బాగా దక్కాయని, ఇదంతా చెక్కమ్మ గారి చలవేనని అందరి ముందూ అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమె ఏదైనా రెండు ముక్కలు మాట్లాడాలని అడిగారు, తర్వాత గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నారు.

మర్నాడు డాక్టరమ్మ మళ్ళీ గొట్టం వేసి చూసింది. వచ్చే వారం కోయాలంది. అందాకా గాలి కూడా వదలొద్దంది.

"చెప్పానుగా అప్పుడు" అని ఆవిడ అనలేదు. అంటే బాగుండేదనిపించింది చెక్కమ్మకు.

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూలబడింది. తల్లి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎదురుగా మంచం మీద కూర్చుంది. పట్టపగలు, కిటికీలోంచి ఎండ తల్లి ఒళ్ళో పడుతోంది. అప్పుడు చూసింది చెక్కమ్మ, ఈ ఆరు వారాల్లో మనిషి ఎంత చిక్కిపోయిందో.

"నీ పని అయిపోయిందిగా. ఒక మాట చెప్పాలి," అంది తల్లి. "సీజను మధ్యలో చెబితే నీకు ఇంకో బరువని ఆగాను. విసుక్కోకూడదు."

చెప్పమన్నట్టు చూసింది చెక్కమ్మ.

"నాకు చెవులు పూర్తిగా పోయాయే."

చెక్కమ్మకు అర్థం కాలేదు. "ఎప్పుడో పోయాయిగా," అంది పెదాలతో.

"ఎప్పుడో పోలేదు. ఈ వేసవిలోనే పోయాయి. అంతకుముందు నీ గొంతు వినపడేది."

చెక్కమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఇంకెవరిదీ వినపడేది కాదు. అంతా మగ్గాల హోరే. ఆ హోరులోంచి నీ గొంతు ఒక్కటే కోసుకుని వచ్చేది. ఆ డాక్టరు మిషనులో కుయ్ కుయ్ మనేది వినపడలేదు, నిజమే. నీది వినపడేది. వంటింట్లో ఉన్నా వినపడేది. నువ్వు మెట్లెక్కుతూ ఇస్త్రీ అతనితో వాదించేది కూడా వినపడేది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంకా అరుస్తావు. అసలే అక్కడ అరిచి వస్తున్నావు. నాకోసం కూడా గొంతు పాడు చేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను. నువ్వెలాగూ నాకు వినపడదనుకుని బోలెడు మాట్లాడేదానివి. కండక్టరు సంగతులు, ఆఫీసరు సంగతులు. నన్ను తిట్టుకునేవి కూడా." తల్లి నవ్వింది. "తిట్టినా నాకు కాలక్షేపంగానే ఉండేదే. ఇంట్లో మనిషి అలికిడి ఉన్నట్టుండేది. ఇప్పుడు నువ్వు పెదాలాడిస్తావు, నాకు హోరు తప్ప ఏమీ లేదు. నీ పక్కనే కూర్చున్నా దూరంగా ఉన్నట్టుంటోంది."

చెక్కమ్మకు మిల్లు గేటు గుర్తురాలేదు, దీవి గుర్తురాలేదు. కూరగాయలు తరుగుతున్న వీపు ఒక్కటే గుర్తొచ్చింది. నాకంటూ ఒక బతుకు లేకుండా పోయింది అని తను అంటుంటే చాకు ఆగకుండా ఆడిన ఆ వీపు. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. కుర్చీలోంచి దిగి తల్లి ముందు నేలమీద కూర్చుంది. వెలుగు తన ముఖం మీద పడేలా చూసుకుని, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే పెదాలమీద పెట్టింది.

"నీ చెవులు పోలేదమ్మా. నా గొంతు పోయింది."

తల్లి పెదాల వంకే చూస్తోంది. నమ్మలేదు. చెక్కమ్మ మళ్ళీ చెప్పింది. కాయల సంగతి చెప్పింది, డాక్టరమ్మ సంగతి, మలుపు దగ్గర నాలుగు కేకల సంగతి, ఇంట్లో దాచుకున్న సంగతి, వచ్చేవారం కొయ్యబోతున్న సంగతి.

"అయితే నాకేం కాలేదా?" అంది తల్లి. ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆ వెలుగు పోయింది. "నాదే పోయుంటే బాగుండేదే. నాకింకెంత కాలం వినాలి? నువ్వింకా ఎంతో మాట్లాడాలి."

చెక్కమ్మ మోకాళ్ళ మీద లేచింది. గొంతులో ఉన్నదెంతో, మిగిలిందెంతో, మిగిలిందో లేదో కూడా తెలియదు. దీవికి అన్ని కేకలు వేశాను, ఇక్కడ ఒక్క మాట అనలేనా అనిపించింది. తల్లి కుడిచెవి దగ్గరికి నోరు తీసుకెళ్ళి, ఊపిరి పీల్చుకుంది.

తల్లి చప్పున అరచెయ్యి ఆమె నోటికి అడ్డం పెట్టింది.

"వద్దు," అంది. "ఉన్న కాస్తా ఖర్చు పెట్టకు. ఆపరేషను కానీ. అయ్యాక మొదటి మాట నాతోనే అను, తిట్టినా సరే. అంతదాకా నేనెక్కడికీ పోను."

చెక్కమ్మ పీల్చుకున్న ఊపిరి ముక్కులోంచి మెల్లగా వదిలింది. చెయ్యి మాత్రం తల్లి చాలాసేపు తియ్యలేదు.